వట్టి కాళ్లతో పరుగు: పరుగెత్తిన రోజుల కన్నా ఆగిన రోజులే ఎక్కువ

కలిసి పరుగెత్తే మా బ్యాచ్‌లో ఈ మధ్య ఇద్దరు ముగ్గురు బూట్లు విప్పేశారు. విప్పిన మర్నాటి నుంచి నాకు ఒకటే ప్రశ్న: మేడమ్, రోజూ పరుగెత్తొచ్చా, మధ్యలో మానాలా, మానితే ఎన్నాళ్లు? ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను. 2024 నవంబరు నుంచి 2025 సెప్టెంబరు దాకా నా కాళ్లకు ఏం జరిగిందో వరసగా చెబుతాను. నేను కోచ్‌ని కాదు, డాక్టర్ని అసలే కాదు. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. వయసు 43. ఉండేది విశాఖ ఎంవీపీ కాలనీలో.

బూట్లతో నాలుగేళ్లుగా పరుగెడుతున్నాను. ఆదివారం పది కిలోమీటర్లు అలవాటే. కాకపోతే ఆరేడు కిలోమీటర్లు దాటితే కుడి మోకాలు లోపలివైపు లాగేది. ₹7,000 పెట్టి ఒక జత, అది నప్పలేదని ₹9,500 పెట్టి ఇంకో జత కొన్నాను. మోకాలు మాత్రం మారలేదు. మా బ్యాచ్‌లో నేవీ నుంచి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు, చాలా ఏళ్లుగా వట్టి కాళ్లతోనే పరుగెడతారు. ఆయన్ని అడిగితే వెంటనే సరే అనలేదు. "ఊపిరి పది కిలోమీటర్లు పోతుంది టీచర్ గారూ, మీ పాదం మాత్రం ఇంకా ఎల్‌కేజీలోనే ఉంది. దాని వెనక మీరు నడవగలిగితే రండి" అన్నారు. ఆ మాటకు నవ్వాను గానీ అర్థమైంది మార్చిలో.

దీపావళి అక్టోబరు 31న అయింది. ఆ ఆదివారమే మొదలుపెడదామంటే పదిరోజులు ఆగమన్నారు. ఎందుకో మర్నాడు రోడ్డు చూస్తే తెలిసింది. కాలిపోయిన కాకరపువ్వొత్తుల తీగలు, పగిలిన చిచ్చుబుడ్ల మట్టి పెంకులు. ఊడ్చినా ఆ తీగలు రోడ్డు అంచున, డివైడర్ పక్కన మిగిలే ఉంటాయి. బూట్లు వేసుకున్నన్నాళ్లూ ఒక్కటీ నా కంటపడలేదు.

నవంబరు 10, ఆదివారం, తెల్లవారుజామున బీచ్ రోడ్డు. పొద్దున్న పూట అక్కడ వాహనాలు రానివ్వరు కాబట్టి రోడ్డంతా మనదే. నేను ఇసుకలో మొదలుపెడతామనుకున్నాను, అందరూ అదే అనుకుంటారు. పెద్దాయన వద్దన్నారు. మన బీచ్ సముద్రంవైపు బాగా వాలుగా ఉంటుంది, ఒక కాలు ఎత్తులో, ఒక కాలు పల్లంలో పడి నడుము పట్టేస్తుంది. పొడి ఇసుకలో మడమ దిగబడి దాని వెనక నరం (టెండన్) సాగిపోతుంది. పైగా గాజుపెంకు ఉన్నా గాలం ముల్లు ఉన్నా ఇసుక కప్పేస్తుంది. నున్నటి తారు రోడ్డు మీద ఏముందో కళ్లకు కనబడుతుంది, కాలు గట్టిగా వేస్తే అప్పుడే నొప్పి తెలుస్తుంది.

మొదటి రోజు అయిదు నిమిషాలు. ఇంటి నుంచి స్కూటీ మీద రావడానికే అంతకన్నా ఎక్కువ పట్టింది. కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర బూట్లు స్కూటీ డిక్కీలో పెట్టి కాళీమాత గుడి వైపు వెళ్లాను. ఆ అయిదు నిమిషాలు కూడా బూట్ల పరుగు చివర్లో కాకుండా మొదట్లోనే చేయమన్నారు పెద్దాయన. అలసిపోయాక అడుగు ఈడ్చుకుంటూ పడుతుందట. నాలుగడుగులు వేసేసరికే మడమ మీద దిగడం మానేశాను. ఎవరూ నేర్పలేదు, మడమ ఒకసారి రోడ్డుకు తగిలితే మోకాలి దాకా జివ్వుమంది, అంతే. అడుగులు చిన్నవైపోయాయి, చప్పుడు తగ్గింది. జీబ్రా గీతల మీద పెయింట్ చల్లగా, నున్నగా తగిలింది. అయిదు నిమిషాలు అయ్యేసరికి అరికాళ్లు వేడెక్కి చురచురమంటున్నాయి, నాకైతే ఇంకా పరుగెత్తాలనే ఉంది. ఆపేశాను.

సోమవారం ఏమీ తెలియలేదు. మంగళవారం స్కూల్లో మేడ మీది టెన్త్ క్లాసు నుంచి కిందికి దిగడానికి రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ పక్కగా దిగాను. పిక్కలు బిగుసుకుపోయాయి. పిల్లలు చూస్తున్నారు, ఒకడైతే "టీచర్, పడ్డారా?" అనేశాడు. మర్నాటి కన్నా మూడోరోజు నొప్పి ఎక్కువ ఉండటమే నాకు వింతగా అనిపించింది. గురువారానికి తగ్గింది. శుక్రవారం మళ్లీ వెళ్దామంటే కార్తీక పౌర్ణమి, బీచ్ అంతా స్నానాల జనం, రోడ్డు పక్కన ప్రమిదలు, నూనె. ఆదివారం దాకా ఆగాను. అలా మొదటి రెండు పరుగుల మధ్య వారం గడిచింది. అది మంచికే అయింది, రెండోసారి పిక్కలు ఒక్కరోజే నొప్పెట్టాయి.

ఆ నెలంతా వారానికి రెండే సార్లు, ఆదివారం, బుధవారం. అయిదు నిమిషాలు ఏడు, ఏడు పది అయ్యాయి. వట్టి కాళ్లతో పరుగెత్తిన మర్నాడు బూట్లతో కూడా పరుగెత్తవద్దని పెద్దాయన గట్టిగా చెప్పారు. బూట్లు వేసుకున్నామో లేదో పిక్కకు పట్టదు, దానికి నిన్నటి పని ఇంకా మిగిలే ఉంటుంది. కాబట్టి బూట్ల పరుగు శుక్రవారానికి వెళ్లింది.

మాలలు వేసుకునే సీజన్ కావడంతో చెప్పుల్లేకుండా నడిచే మగవాళ్లు ఊరినిండా ఉన్నారు, వాళ్లనెవరూ పట్టించుకోరు. ట్రాక్ ప్యాంటు వేసుకుని వట్టి కాళ్లతో పరుగెత్తే ఆడమనిషి అందరికీ కావాలి. జాలరిపేట నుంచి చేపల గంపతో వెళ్లే ఒకావిడ రెండు వారాలు చూసి చూసి ఒకరోజు ఆపేసింది. "ఏటమ్మా, సెప్పుల్లేకుండా పరుగెడతన్నావు, మొక్కా?" అంది. మోకాలి నొప్పికమ్మా అన్నాను. "మోకాలు నొప్పయితే ఇంట్లో కూకోవాల గానీ" అని వెళ్లిపోయింది. ఇప్పటికీ కనబడితే మోకాలు ఎలా ఉందని అడుగుతుంది.

ఆడవాళ్లకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది, మెట్టెలు. బూట్లో వేళ్లు కదలవు కాబట్టి నాలుగేళ్లలో ఏనాడూ ఇబ్బంది రాలేదు. వట్టి కాళ్లతో ప్రతి అడుగుకీ వేళ్లు విచ్చుకుని రోడ్డును పట్టుకుంటాయి. నావి చుట్టు మెట్టెలు. ఇసుక రేణువులు చుట్ల మధ్య దూరి, పది నిమిషాల్లో రెండో వేలి కింద ఎర్రటి గీత పడింది, పక్క వేలికి ఒరుసుకుని తోలు లేచింది. ఆ రెండు గాట్లు మానడానికి అయిదు రోజులు ఆగాల్సొచ్చింది. పరుగు రోజున మెట్టెలు తీసేస్తానంటే అత్తయ్య మొహం ముడుచుకున్నారు. నేనేమీ వాదించలేదు. రెండు రోజులకు ఆవిడే కుంకుమ భరిణె పక్కన ఒక చిన్న డబ్బీ పెట్టి, "ఇందులో పెట్టుకుని వెళ్లు, వచ్చాక మర్చిపోకు" అన్నారు.

డిసెంబరులో బొబ్బలు. ఎడమ పాదం ముందు భాగంలో, బొటనవేలికీ రెండో వేలికీ కింద, రూపాయి బిళ్లంత బొబ్బ. నీళ్లు నిండి మెరుస్తోంది. నేను సూది కాల్చి గుచ్చబోతుంటే అత్తయ్య వారించారు, పెద్దాయనా అదే చెప్పారు. పైతోలు ఉన్నంతసేపూ కింద కొత్త చర్మం భద్రంగా వస్తుంది. ఆరో రోజుకి నీరు ఇంకి, పైతోలు ఎండి అట్టలా లేచింది. బొబ్బ వచ్చిన చోటుని బట్టి పరుగులో ఎక్కడ తేడా ఉందో చెప్పొచ్చునట. ముందు భాగంలో వస్తే రోడ్డును వెనక్కి తన్నుతున్నట్టు, లేదా పాదం ఆనాక మెలితిప్పుతున్నట్టు. కాలు పైకెత్తాలి తప్ప తన్నకూడదు. ఎడమ పాదాన్ని తిప్పుతున్నానని నాకు తెలియనే తెలియదు. మా వారు వెనక నుంచి ఫోన్‌లో వీడియో తీస్తే కనబడింది.

ఆ నెలలోనే అల్పపీడనం పట్టి ముసురు. వానలో పరుగెత్తడం హాయి, వేడి ఉండదు. కానీ తడిసిన అరికాలు నానిపోయి మెత్తబడుతుంది, ఎంత అరుగుతోందో ఆ క్షణాన తెలియదు. ఇంటికొచ్చి తుడుచుకుంటే రెండు మడమల పక్కనా తోలు పల్చబడి గులాబీ రంగు తేలింది. బాత్రూమ్ గచ్చు మీద కాలు పెడితే మంట. నాలుగు రోజులు మానేశాను. అప్పటి నుంచి నా లెక్క ఇది: చర్మం చురుకు సాయంత్రానికి పోతే ఎల్లుండి పరుగెత్తొచ్చు. మర్నాడు పొద్దున్న గచ్చు మీద అడుగు వేసినప్పుడు ఇంకా మంట ఉంటే ఆ మంట పోయాక ఇంకో రోజు కలిపి ఆగాలి. వానరోజు అయితే మామూలులో సగమే.

సంక్రాంతికి విజయనగరం దగ్గర మా ఊరు వెళ్లాం. కనుమ మర్నాడు చెరువు గట్టు మీద పరుగెత్తాను. మట్టి దారి, పొద్దుటి మంచు, అరికాలికి అంత సుఖం ఎప్పుడూ దొరకలేదు. గట్టు దిగి పొలం అంచుకు రాగానే పల్లేరు కాయలు. ఒక్కటి గుచ్చుకుంటే ఆగి తీసుకోవచ్చు. నాకు ఎడమ కాలికి మూడు, కుడి కాలికి రెండు ఒకేసారి దిగాయి, ఏ కాలి మీద నిలబడాలో తెలియలేదు. కూర్చుందామంటే కిందా అవే. ఒక కాయ ముల్లు మడమలో విరిగింది. మా పెద్దమ్మ అరుగు మీద కూర్చోబెట్టి పిన్నీసుతో చుట్టూ తవ్వి, జిల్లేడు పాలు వేస్తానంది. వద్దన్నాను, మాట వినలేదని అలిగింది. పీహెచ్‌సీకి వెళ్లి టీటీ ఇంజక్షన్ చేయించుకున్నాను. చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారంటే నాకు గుర్తులేదు, పదేళ్లు దాటే ఉంటుంది. అక్కడ డబ్బేమీ తీసుకోలేదు. మీరు మాత్రం బూట్లు విప్పకముందే ఆ ఇంజక్షన్ సంగతి చూసుకోండి.

ముల్లు కన్నా ఎక్కువ రోజులు పోగొట్టింది కుంటడం. మడమ కింద పెట్టలేక మూడు నాలుగు రోజులు ముని వేళ్ల మీద నడిచేసరికి రెండో కాలి పిక్క పట్టేసింది. గాయం మానినా నడక తిన్నగా అయ్యేదాకా ఆగాలి. అలా జనవరి చివరికి వచ్చేశాం.

ఫిబ్రవరి గురించి ఎక్కువ చెప్పడానికి లేదు, అంతా బాగుంది. మోకాలు లాగడం తగ్గింది. అది వట్టి కాళ్ల వల్లో, దూరం తగ్గించడం వల్లో నేను చెప్పలేను. వారానికి మూడు సార్లు, ఒక్కోసారి మూడు కిలోమీటర్లు. అరికాళ్లకు ఆనెకాయలు వస్తాయేమోనని భయపడ్డాను, రాలేదు. చర్మం దళసరై నున్నగా తయారైంది. పార్లర్‌లో పెడిక్యూర్ చేసే అమ్మాయి దాన్ని గీకుతానంటే ప్రాణం పోయినంత పనైంది.

ఆ నెలలోనే ఇంకో విషయం పట్టుకున్నాను. నేను ఆదివారం పరుగెత్తి సోమవారం విశ్రాంతి అనుకునేదాన్ని. సోమవారం ఆరు పీరియడ్లు నిలబడే చెబుతాను, బల్ల ముందు, బోర్డు ముందు. సాయంత్రానికి పాదాలు ఉబ్బేవి. దాన్ని విశ్రాంతి అని నేను అనుకుంటే సరిపోదుగా. పెద్ద పరుగును శనివారానికి మార్చాను, మర్నాడు ఆదివారం కాళ్లు చాపుకుని కూర్చోవచ్చని. షాపులో నిలబడేవాళ్లు, నర్సులు, వంటపనివాళ్లు, మా బోటి టీచర్లు సెలవు చూసుకునే పరుగు రోజు పెట్టుకోవాలి.

మార్చి 4, మంగళవారం. పరుగు మధ్యలో కుడి పాదం పైభాగంలో, రెండో వేలికి రెండంగుళాల వెనక, సన్నగా నొప్పి. మామూలు నొప్పి పాదమంతా పరుచుకుంటుంది. దీన్ని మాత్రం చూపుడువేలితో చూపించగలను, సరిగ్గా అక్కడే. ఒత్తితే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అక్కడికక్కడే ఆపి స్కూటీ దాకా నడిచాను. బుధవారం పొద్దున్న మంచం దిగగానే అదే చోట, అదే నొప్పి. పాదం కొద్దిగా ఉబ్బింది, మెట్టె రాలేదు. సబ్బు నీళ్లు పోసి, దారం చుట్టి, అరగంట తంటాలు పడి తీశాం.

గురువారం ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి. కన్సల్టేషన్ ₹600, ఎక్స్‌రే ₹450. ఎక్స్‌రే చూసి ఏమీ లేదన్నారు. హమ్మయ్య అనుకున్నాను. "హమ్మయ్య కాదమ్మా, ఇప్పుడే కనపడదు. ఎముకలో సన్నటి చీలిక ఉంటే అది అతుక్కోవడం మొదలయ్యాక, రెండు మూడు వారాలకు కనపడుతుంది" అన్నారు. ఇప్పుడే తెలియాలంటే ఎంఆర్ఐ తీయాలి, ఆరు వేల పైచిలుకు అవుతుంది. తీస్తే వైద్యం మారుతుందా అని అడిగాను. మారదు, ఎలాగైనా ఆరు వారాలు పరుగు లేదు అన్నారు. అయితే వద్దన్నాను. ఆయనా బలవంతం చేయలేదు.

దాదాపు నాలుగు నెలలు బాగానే ఉండి ఇప్పుడెందుకొచ్చిందని అడిగితే ఆయన చెప్పింది ఇది. ఎముక మీద భారం పెరిగితే శరీరం ముందు పాత ఎముకను కొంచెం తొలగించి, తర్వాత కొత్తది వేస్తుంది. ఆ మధ్య వారాల్లో ఎముక మామూలు కన్నా బలహీనంగా ఉంటుంది. ఊపిరి కొన్ని వారాల్లో అలవాటు పడుతుంది, పిక్క కూడా అంతే, పాదం ఎముకలకు నెలలు కావాలి. పైగా అవి అలసిపోతున్నాయని ముందుగా మనకు చెప్పవు. వేళ్లు విడివిడిగా ఉండే పల్చటి బూట్లకు మారినవాళ్లకు పది వారాల తర్వాత ఎంఆర్ఐ తీస్తే 19 మందిలో 10 మందికి పాదంలో ఏదో ఒక ఎముక లోపల వాపు పెరిగిందని 2013లో ఒక అధ్యయనం వచ్చిందట. నేను నొప్పి లేదు కాబట్టి అంతా బాగుందనుకున్న ఫిబ్రవరిలో లోపల జరిగింది అదే కాబోలు.

తోడు వచ్చిన మా వారు, తనూ వట్టి కాళ్లతో నడవొచ్చా అని అడిగారు. ఆయనకు ఎనిమిదేళ్లుగా షుగర్. డాక్టర్ సగం మాటలోనే వద్దనేశారు. షుగర్ ఉన్నవాళ్లకు అరికాళ్లలో స్పర్శ తగ్గి ఉండొచ్చు, గాజు గుచ్చుకున్నా తెలియదు, పుండు మానదు. ఆ విషయంలో బేరం లేదన్నారు.

రక్తపరీక్షలో విటమిన్ డి బాగా తక్కువ వచ్చింది. ఆ టెస్టుకు ₹1,200. ఇంత ఎండల ఊళ్లో డి తక్కువేంటో నాకు అర్థం కాలేదు. తెల్లవారకముందే పరుగు, పగలంతా క్లాసు గది, ఇక ఎండ ఎక్కడ తగులుతుంది అన్నారాయన. వారానికొక 60,000 యూనిట్ల సాచెట్, ఎనిమిది వారాలు. గట్టి అట్ట ఉన్న బూట్లు ఇంట్లో కూడా వేసుకోవాలన్నారు. మా ఇంట్లో గడప లోపల చెప్పులు అనేదే లేదు. ఎన్నడూ వాడని కొత్త జత కొని వంటింట్లో తిరిగాను, దేవుడి గది వైపు వెళ్లకుండా.

ఆ ఆరు వారాలే అన్నిటికన్నా కష్టం. పావుతక్కువ అయిదుకి మెలకువ వచ్చేసేది. బాల్కనీలో కూర్చుంటే మా బ్యాచ్ వాళ్ల స్కూటీలు వెళ్లడం వినబడేది. ఫోన్‌లో వాళ్ల ఫొటోలు చూసి అందరి మీదా కోపం, ముఖ్యంగా ఇంట్లోవాళ్ల మీద. మార్చి 17న టెన్త్ పరీక్షలు మొదలయ్యాయి, నాకు ఇన్విజిలేషన్ పడింది. గదిలో కుర్చీ ఉంటుంది గానీ కూర్చోకూడదు, తిరుగుతూనే ఉండాలి. డాక్టర్ చీటీ చూపించి ఒక్క పూటైనా మార్చమని అడగాలంటే మొహమాటం. పరుగెత్తి దెబ్బ తగిలించుకున్నానంటే ఎవరు జాలిపడతారు? చివరికి చెప్పాను. చీఫ్ సూపరింటెండెంట్ గారు నవ్వి, గుమ్మం దగ్గర కాసేపు కూర్చోనిచ్చారు.

మూడు వారాలకు మళ్లీ ఎక్స్‌రే, ఇంకో ₹450. చీలిక లేదు. ఎముక చీలడానికి ముందు మెట్టులో ఆగిందన్నమాట. అయినా మిగతా మూడు వారాలూ ఆగమన్నారు. సైకిల్ తొక్కొచ్చన్నారు, అదొక్కటే ఊరట. ఏప్రిల్ మొదటి వారంలో ఒత్తితే నొప్పి లేదు. అప్పుడైనా వెంటనే వదల్లేదు. ముందు వారంపాటు అరగంట నడక, తర్వాత ఒంటికాలి మీద మడమలు పైకెత్తడం ఇరవై సార్లు, ఆ తర్వాత ఒంటికాలి గెంతులు. మూడూ నొప్పి లేకుండా చేస్తేనే పరుగు.

ఏప్రిల్ 20న మళ్లీ అయిదు నిమిషాలతో మొదలు. నవంబరులో అయిదు నిమిషాలంటే చిరాకు పడ్డాను, ఈసారి పండగలా ఉంది. ఆరు వారాలు బూట్లలో ఉండేసరికి అరికాళ్లు మళ్లీ పసిపిల్లలవి అయిపోయాయి, మొదటి వారమే చిన్న బొబ్బ. పెద్దాయన అప్పుడు చెప్పారు, తను మూడు వారాలు పెంచి నాలుగో వారం సగానికి తగ్గిస్తారని, ఏళ్ల తరబడి అలాగే చేస్తున్నారని. ఇది ముందే చెప్పొచ్చు కదండీ అంటే, "మీరు ఎంత పరుగెత్తాలనే అడిగారు గానీ ఎప్పుడు తగ్గించాలని అడగలేదుగా" అన్నారు. ఆయనతో అదే తంటా.

మే నెలలో సెలవులు, ఎండలు. ఏడు గంటలకే తారు కాలుతుంది. ఉక్కపోతకు కాళ్లకు చెమట పట్టి, వానలో లాగే చర్మం మెత్తబడుతుంది. నాలుగున్నరకే లేచి, ఆరింటికల్లా ముగించేదాన్ని. ఆలస్యమైన రోజున రోడ్డు మీది తెల్లగీత మీదే పరుగు, దాని మీద వేడి తక్కువ. అది కూడా కాలు పెట్టలేనంత కాలితే బూట్లు, లేదంటే ఆ రోజుకి లేదు. రోజు విడిచి రోజు అని రాసుకున్న పట్టిక మేలో సగం కూడా నిలవలేదు.

జులై 9న సింహాచలం గిరిప్రదక్షిణ. కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. అత్తయ్య ఏటా వెళతారు, చెప్పుల్లేకుండానే. డాక్టర్ని అడిగితే సంచిలో చెప్పులు పెట్టుకుని వెళ్లండి, పాదం పైన నొప్పి తెలిస్తే వేసుకోండి అన్నారు. మధ్యాహ్నం తొలిపావంచా (కొండ కింది మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరాం. ఎనిమిది నెలలుగా వట్టి కాళ్లతో పరుగెత్తినదాన్ని, నాకిది ఓ లెక్కా అనుకున్నాను. హనుమంతువాక దాటేసరికే మడమలు మండిపోతున్నాయి. పరుగులో మడమ ఆనీ ఆననట్టు తగులుతుంది, నడకలో బరువంతా ముందు దాని మీదే పడుతుంది. పరుగుకు అలవాటైన చర్మం పాదం ముందు భాగంలో ఉంది, నడకకు కావాల్సింది మడమ కింద. 64 ఏళ్ల అత్తయ్య దారిపొడవునా ఇచ్చే మజ్జిగ, పులిహోర తీసుకుంటూ, కబుర్లు చెప్పుకుంటూ నా ముందు నడిచారు. మాధవధార దగ్గర నేను పేవ్‌మెంట్ మీద కూలబడితే, "నీ పరుగు ఎక్కడికెళ్లిందే అమ్మాయ్" అన్నారు. అర్ధరాత్రి దాటాక పూర్తిచేశాం. పాదం పైన నొప్పి మాత్రం రాలేదు, చెప్పులు సంచిలోనే ఉన్నాయి.

ఆవిడ ఉప్పు వేసిన గోరువెచ్చటి నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నారు, మర్నాటికి మామూలే. నేను నాలుగు రోజులు మడమ ఆనించలేదు, రెండు వారాలు వట్టి కాళ్లతో పరుగెత్తలేదు. 32 కిలోమీటర్లు నడవగలిగిన కాళ్లు మూడు కిలోమీటర్లు పరుగెత్తడానికి అన్నాళ్లు ఆగడమేమిటని మా ఇంట్లో అందరికీ నవ్వులాట.

ఇప్పుడు నేను చేస్తున్నది ఇదీ. మంగళవారం, గురువారం, శనివారం వట్టి కాళ్లతో, మధ్య రోజుల్లో ఏ పరుగూ లేదు. శనివారం అయిదు కిలోమీటర్లు, మిగతా రెండు రోజులు మూడేసి. ప్రతి నాలుగో వారం అంతా సగం. పొద్దున్నే మంచం దిగి మొదటి పది అడుగులు ఎలా పడ్డాయో చూసుకుంటాను, మెట్లు దిగుతూ పిక్కలు చూసుకుంటాను, బొటనవేలితో పాదం పైన ఎముకలు ఒక్కొక్కటే ఒత్తి చూస్తాను. రెండు నిమిషాల పని. పిక్క నొప్పయితే మెట్లు హాయిగా దిగేదాకా ఆగుతాను, సాధారణంగా రెండు రోజులు. మడమ వెనక నరం పొద్దున్న బిగుసుకుని ఉంటే ఆ వారమంతా బూట్లే, మెల్లగా. ఎముక మీద ఒక్క చోట నొప్పి అనిపిస్తే బూట్లు వేసుకుని కూడా పరుగెత్తను, డాక్టర్ దగ్గరికే. జ్వరం వచ్చి తగ్గిన వారం, నిద్ర సరిగా లేని వారం కూడా తగ్గిస్తాను. ఆ రోజుల్లో అడుగు బరువుగా పడుతోందని చప్పుడు విని చెప్పొచ్చు.

బూట్లు మిగులుతాయి కదా, ఖర్చు తగ్గుతుంది అని అడిగేవాళ్లున్నారు. కన్సల్టేషన్లు, ఎక్స్‌రేలు, రక్తపరీక్ష, సాచెట్లు, ఇంట్లో వేసుకోవడానికి కొన్న జత కలిపితే ఆరు వేలు దాటింది. ఆ ₹9,500 జత ఇంకా కొత్తగానే ఉంది, అది ఒక్కటే మిగులు.

ఈ ఏడాది నేవీ మారథాన్‌లో పది కిలోమీటర్లకు వెళ్లాలని ఉంది. వట్టి కాళ్లతో ఒకేసారి పది ఇంతవరకు వెళ్లలేదు. అక్టోబరు చివరికి శనివారం ఏడు దాకా నొప్పి లేకుండా వస్తే అప్పుడు ఆలోచిస్తాను, లేకపోతే బూట్లతోనే. పెద్దాయన్ని అడిగితే, ముందు ఈ నాలుగో వారం తగ్గించండి చూద్దాం అన్నారు.